ట్యూబ్‌లెస్ ఎంటీబీ టైరు కోసుకుపోతే: దారిలో ప్లగ్, ఇంట్లో ప్యాచ్

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల మౌంటెన్ బైక్ (ఎంటీబీ) తొక్కేవాళ్ల నుంచి నాకు మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇది: "అన్నా, టైరు కోసుకుపోయింది. సీలెంట్ ఆగకుండా కారిపోతోంది. పంచర్ షాపులో చూపిస్తే మా వల్ల కాదన్నారు. కొత్తది కొనాల్సిందేనా?"

చాలాసార్లు కొనక్కర్లేదు. (సీలెంట్ అంటే ట్యూబ్ లేని టైరు లోపల పోసే, చిల్లుల్ని మూసే ద్రవం.) మంచి ట్యూబ్‌లెస్ టైరంటే వేలల్లో మాట. పైగా మన ఊళ్లలో అడిగిన సైజు వెంటనే దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఎదురుచూడాలి. అందుకే బాగుచేసుకోవడం నేర్చుకోవాలి. ఒక్క తేడా మాత్రం మొదట్లోనే మనసులో పెట్టుకోండి. దారిలో బయటి నుంచి గుచ్చే ప్లగ్ మిమ్మల్ని ఇంటికి చేర్చడానికి. టైరును నిలబెట్టేది లోపలి నుంచి వేసే ప్యాచ్. చాలామంది మొదటి పని చేసి రెండోది మర్చిపోతారు. నెల తిరక్కుండానే అదే చోట గాలి పోతుంది, అప్పుడు టైరును తిట్టుకుంటారు.

ముందు గాయం ఏ రకమో చూడండి

మన వైపు టైరుకు తగిలే దెబ్బలు మూడు రకాలు. వైద్యం మూడింటికీ వేరు.

మొదటిది ముల్లు చిల్లు. చెరువు కట్టలు, కాలవ గట్లు, బీడు భూములు అంతా సర్కారు తుమ్మే. ఆ ముల్లు గట్టిది, పొడుగ్గా ఉంటుంది, ట్రెడ్ గుండా, అంటే నేలకు తగిలే మందపాటి భాగం గుండా నేరుగా దిగుతుంది. దానికి తోడు పల్లేరుకాయలు. ఇవి చేసే చిల్లు చిన్నది, గుండ్రంగా ఉంటుంది. సీలెంట్ పచ్చిగా ఉంటే దానంతట అదే మూసుకుంటుంది. మూసుకోలేదంటే టైరు పాడైందని కాదు, లోపల సీలెంట్ ఎండిపోయిందని.

రెండోది ట్రెడ్ మీద కోత. చీమకుర్తి వైపు గ్రానైట్ పెచ్చులు పడి ఉన్న మట్టిదారుల్లో ఇదే ఎక్కువ. మూడు నుంచి ఆరు మి.మీ. దాకా ఉండే ఈ కోతల్ని ప్లగ్ దారిలో ఆపుతుంది, ఇంటికొచ్చాక ప్యాచ్ వెయ్యాలి.

మూడోది సైడ్‌వాల్ కోత, అంటే టైరు పక్క గోడ చీలడం. మార్కాపురం పలకరాయి లాంటి అంచు ఉన్న రాయి పక్కనుంచి రాసుకుంటే కత్తితో గీసినట్టు చీలుతుంది. ఉదయగిరి కొండ కింద రాళ్ల దారుల్లో గాలి మరీ తక్కువ పెట్టుకుని దిగినా ఇదే జరుగుతుంది: రిమ్ముకీ రాయికీ మధ్య టైరు నలిగి పక్కన తెగుతుంది. పక్క గోడ పలచన, తొక్కుతున్నంతసేపూ వంగుతూనే ఉంటుంది, అందుకే దీనికి మామూలు ప్లగ్ నిలవదు. చిన్నదైతే కుట్టి ప్యాచ్ వెయ్యొచ్చు.

ఏది బాగుచెయ్యకూడదో కూడా ఇక్కడే చెప్తాను, ఎందుకంటే ఇది మీ ప్రాణానికి సంబంధించిన విషయం. బీడ్ దగ్గర, అంటే టైరు రిమ్ములో కూర్చునే గట్టి అంచు దగ్గర తెగితే ఆ టైరు పక్కన పెట్టేయండి. సైడ్‌వాల్ మీద కోత ఒక సెంటీమీటరు కన్నా ఎక్కువ ఉన్నా, రెండు మూడు చోట్ల తెగినా, ట్రెడ్ అరిగి లోపలి దారాల అల్లిక బయటికి కనిపిస్తున్నా ఇక దాని మీద కష్టపడొద్దు.

కావలసినవి

రైడ్‌కి బ్యాగులో పెట్టుకోవాల్సినవి:

- సైకిల్‌కి పనికొచ్చే ప్లగ్ కిట్: చీలిక ఉన్న సన్నని ఫోర్కు, చిల్లులో ప్లగ్‌గా దూర్చే సన్నవీ లావువీ స్ట్రిప్పులు
- చేతి పంపు
- మీ టైరు సైజుకు సరిపోయే ఒక ట్యూబు
- ప్లాస్టిక్ టైరు లివర్లు రెండు
- టైరు లోపల పెట్టడానికి పాత టైరు ముక్క, లేదా కత్తిరించి కడిగిన టూత్‌పేస్టు ట్యూబు ముక్క
- సన్న వాల్వుకి బిగించే ఇత్తడి అడాప్టర్. ఇది ఉంటే పెట్రోలు బంకులోనూ గాలి పట్టించుకోవచ్చు

ఇంట్లో ఉండాల్సినవి:

- లోపల గుడ్డ పొర ఉన్న టైరు ప్యాచ్‌లు, ఒకటి రెండు సైజులు
- పంచర్ సొల్యూషన్, చిన్న ట్యూబు, కొత్తది
- 80 నుంచి 120 నంబరు మధ్య ఉప్పుకాగితం
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మొబైల్ రిపేరు వాళ్లు బోర్డులు తుడవడానికి వాడేది ఇదే, ఎక్కడ కొన్నారో అడిగితే చెప్తారు
- మెడికల్ షాపులో దొరికే 50 మి.లీ. సిరంజి, సూది అక్కర్లేదు
- సైకిల్ ట్యూబ్‌లెస్ సీలెంట్
- గట్టి కుట్టుసూది, నైలాన్ దారం (సైడ్‌వాల్ పనికి మాత్రమే)
- ఒక షాంపూ ప్యాకెట్, మగ్గు, పాత గుడ్డలు

ప్యాచ్ గురించి ఒక మాట. ట్యూబులకు వేసే మామూలు రబ్బరు ప్యాచ్ ముల్లు చిల్లుకు సరిపోతుంది. కోతకు సరిపోదు, అది సాగుతుంది. గాలి ఒత్తిడికి కోత నోరు తెరుచుకుంటే ప్యాచ్ కూడా దానితోపాటు ఉబ్బుతుంది. కోతకు గుడ్డ పొర ఉన్నదే కావాలి. కార్ల టైర్లకు వేసే రేడియల్ ప్యాచ్‌లలో అన్నిటికన్నా చిన్నది ట్రెడ్ కింద వాడుకోవచ్చు. సైడ్‌వాల్‌కి అది మరీ బిర్రుగా ఉంటుంది, పలచనిది వెతకండి.

దారిలో: ప్లగ్ వెయ్యడం

1. గాలి పోతున్న శబ్దం వినగానే ఆగండి. ఖాళీ టైరుతో పది గజాలు తొక్కినా రిమ్ము అంచు ఆ కోతనే ఇంకా చీలుస్తుంది.

2. చిల్లు ఎక్కడుందో కనిపెట్టి, ఆ భాగం కిందికి వచ్చేలా చక్రం తిప్పి పెట్టండి. సీలెంట్ అక్కడికి చేరుతుంది. ఒక నిమిషం చూడండి. ముల్లు చిల్లయితే ఇక్కడితో పని అయిపోవచ్చు. ముల్లు ఇంకా గుచ్చుకునే ఉంటే, లోపల సీలెంట్ ఉందో లేదో చక్రం ఊపి వినండి. నీళ్ల చప్పుడు లాంటిది వినిపిస్తే ముల్లు పీకేసి వెంటనే చిల్లును కిందికి తిప్పండి. చప్పుడు లేకపోతే, గాలి మెల్లగా పోతున్నంతసేపూ ముల్లు పీకొద్దు. అదే బిరడాలా ఆపుతోంది. గాలి కొట్టుకుంటూ ఊరు చేరండి.

3. ఆగకపోతే స్ట్రిప్‌ను ఫోర్కు చీలికలో సగానికి సగం వచ్చేలా ఎక్కించండి. చిల్లు చిన్నదైతే సన్న స్ట్రిప్, కోతయితే లావుది.

4. నేరుగా, గట్టిగా గుచ్చండి. స్ట్రిప్ చివర్లు ఒక సెంటీమీటరు బయట ఉండగానే ఆగండి. టూలు మొత్తం లోపలికి దించొద్దు. టైరులో గాలి తక్కువున్నప్పుడు రిమ్ము దగ్గరగా ఉంటుంది, టూలు మొన రిమ్ టేపుకు, అంటే రిమ్ము లోపల పుల్లల చిల్లుల్ని మూసే టేపుకు గుచ్చుకుంటే అక్కడ ఇంకో లీకు పుడుతుంది.

5. టూలును తిప్పకుండా ఒక్క ఊపులో వెనక్కి లాగండి. స్ట్రిప్ లోపలే ఉండిపోతుంది.

6. బయటికి వచ్చిన చివర్లను మొదలంటా కోయొద్దు. మూడు నాలుగు మి.మీ. ఉంచి మిగతాది తీసేయండి. తొక్కుతుంటే అది నలిగి అణుగుతుంది.

7. గాలి కొట్టి, చిల్లును కాసేపు కిందికి పెట్టి, చక్రం గిరగిరా తిప్పండి. బుడగలు ఆగితే బయల్దేరండి. ఒక కిలోమీటరు వెళ్లాక ఆగి టైరు నొక్కి చూడండి.

హైవే మీద పంచర్ షాపులో ఆగితే వాళ్ల దగ్గర మోటారుసైకిల్ స్ట్రిప్ ఉంటుంది. దాన్ని వాడొచ్చు, కానీ వాళ్ల పద్ధతిలో వెయ్యనివ్వకండి. బండి టైరు మందంగా ఉంటుంది కాబట్టి ముందు గరుకు ఊసతో చిల్లును గీరి పెద్దది చేస్తారు. మన టైరు మందం దాని ముందు ఎంత? ఆ ఊస దిగిందంటే రెండు మి.మీ. చిల్లు ఆరు మి.మీ. అవుతుంది, చుట్టూ దారాలు తెగుతాయి. "అన్నా, గీరొద్దు, స్ట్రిప్ ఒకటి ఇవ్వండి చాలు" అని తీసుకుని, నిలువునా సగానికి చీల్చి మీ ఫోర్కుతో మీరే వేసుకోండి.

ప్లగ్ నిలవకపోతే ట్యూబు వెయ్యడమే. ట్యూబ్‌లెస్ వాల్వు విప్పి తీసేయండి. తర్వాత టైరు లోపల ఒక చుట్టు మొత్తం వెతకండి. ఇది చాలా ముఖ్యం. మన దారుల్లో తిరిగిన ట్యూబ్‌లెస్ టైరు లోపల సీలెంట్ మూసేసిన ముళ్ల మొనలు ఎన్నో ఉంటాయి. అవి అన్నాళ్లూ ఏమీ చెయ్యలేదు, ట్యూబు పెట్టగానే ఒక్కొక్కటీ గుచ్చుకుంటాయి. చేత్తో నేరుగా తడమకండి, గుడ్డ చుట్టుకుని తడమండి. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లుంది, బయటి నుంచో లోపలి నుంచో పీకేయండి. కోత ఉన్న చోట లోపల పాత టైరు ముక్కో టూత్‌పేస్టు ట్యూబు ముక్కో పెట్టి, దాని మీదుగా ట్యూబు వచ్చేలా సర్దండి. లేకపోతే కోతలోంచి ట్యూబు బుడగలా బయటికొచ్చి పగులుతుంది.

ఇంట్లో: లోపలి నుంచి ప్యాచ్

సాయంత్రం పూట, నీడలో, గాలి ఆడే చోట కూర్చోండి. ఎండలో సొల్యూషన్ పైపైనే ఆరిపోతుంది. ఆల్కహాల్, సొల్యూషన్ రెండూ అంటుకునేవి, దగ్గర్లో పొయ్యి, సిగరెట్ లేకుండా చూసుకోండి.

1. బయటి నుంచి కోత ఉన్న చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. టైరు విప్పాక వెతుక్కోవడం కష్టం.

2. గాలి తీసేసి, రెండు వైపులా బీడ్‌ను చేత్తో రిమ్ము మధ్య పల్లంలోకి నెట్టండి. అప్పుడు టైరు వదులై లివర్‌తో తేలిగ్గా వస్తుంది. స్క్రూడ్రైవర్ వద్దే వద్దు, రిమ్ టేపు చిరుగుతుంది.

3. మిగిలిన సీలెంట్‌ను తుడిచేయండి. ఎండిన పొరను బొటనవేలితో రుద్దితే పాల మీద మీగడలా లేచి వస్తుంది. కోత చుట్టూ మూడు నాలుగు సెంటీమీటర్ల మేర ఒక్క పొర కూడా మిగలకూడదు.

4. ప్లగ్ వేసి ఉంటే లోపలి వైపు చివరను బ్లేడుతో టైరుకు సమానంగా కోసేయండి. పూర్తిగా పీకక్కర్లేదు, అది చిల్లును నింపి ఉంచుతుంది.

5. ఉప్పుకాగితంతో రుద్దండి. ప్యాచ్ కన్నా చుట్టూ ఒక సెంటీమీటరు ఎక్కువ మేర. రబ్బరు మెరుపు పోయి, వెలిసిన బొగ్గు రంగులోకి సమానంగా రావాలి. లోపల అచ్చు గీతలు, నొక్కులు ఉంటే అవి కూడా చదునవ్వాలి, లేదంటే వాటి వెంటే గాలి జారుకుంటుంది. ఎక్కడైనా దారాలు తేలి కనిపిస్తే వెంటనే ఆపండి. దారం తెగేదాకా రుద్దితే బాగుచెయ్యడానికి బదులు పాడుచేసినట్టే.

6. ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. గుడ్డకు నలుపు అంటినంతసేపూ మడత మార్చి తుడుస్తూనే ఉండండి. పెట్రోలు వద్దు, జిడ్డు మిగులుస్తుంది. చేతుల శానిటైజర్ కూడా వద్దు, అందులో చర్మం కోసం గ్లిసరిన్ కలుపుతారు, దాని మీద ఏదీ అంటదు. తుడిచాక అక్కడ వేలు పెట్టకండి.

7. సొల్యూషన్ పలచగా, ప్యాచ్ కన్నా కొంచెం ఎక్కువ మేర పూయండి. ఆరనిచ్చి రెండో పూత. ఇప్పుడు ఐదు నుంచి పది నిమిషాలు ఆగండి. అంచున వేలి వెనకభాగంతో తాకితే అంటుకోకూడదు, తడి మెరుపు పోవాలి. ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. తడిగా ఉండగా ప్యాచ్ పెడితే ద్రావకం లోపలే చిక్కుకుని, మర్నాటికి అంచులు లేస్తాయి. ఇది జిగురు కాదు, ఆరాక రబ్బరును రబ్బరుతో కలిపే మందు.

8. టైరును తిరగేసి, ప్యాచ్ వేసే భాగం చదునుగా వచ్చేలా మోకాలి మీద పెట్టుకోండి. ప్యాచ్ వెనక రేకు తీసి, మధ్యలోంచి అంచులకు నొక్కుకుంటూ వెళ్లండి. తర్వాత స్పూను వెనకవైపుతోనో గాజు సీసాతోనో బలం పెట్టి రుద్దండి, ముఖ్యంగా అంచులు. ప్యాచ్ కోతకు అన్ని వైపులా కనీసం ఒకటిన్నర సెంటీమీటరు దాటి ఉండాలి. పెద్ద ప్యాచ్‌ను కత్తిరించుకుంటే మూలలు గుండ్రంగా కత్తిరించండి, కోణాలుంటే అక్కడి నుంచే లేస్తుంది.

9. రాత్రంతా వదిలేయండి. సీలెంట్ పొయ్యడం మర్నాడే.

సైడ్‌వాల్ కుట్టడం

కోత ఒక సెంటీమీటరు లోపుండి, బీడ్‌కు దూరంగా ఉంటేనే ఈ పని. దారాలు తెగకుండా పై రబ్బరు మాత్రమే చీలితే కుట్టు అక్కర్లేదు, ప్యాచ్ చాలు. కోతను రెండు బొటనవేళ్లతో విప్పి వెలుతురులో చూడండి. నేత దారాలు తెగి రెండు వైపులా పీచులా కనిపిస్తే కుట్టాలి.

దారం విషయంలో మనకు అదృష్టం ఉంది. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో వలలు బాగుచేసుకునేవాళ్ల దగ్గర పురిపెట్టిన సన్న నైలాన్ దారం దొరుకుతుంది. నీటికి పాడవదు, ముడి జారదు, మూర దారం చాలు. గేలపు తీగ లాంటి ఒంటిపోగు నైలాన్ మాత్రం వద్దు. ముడి జారుతుంది, సన్నగా ఉండి టైరునే కోస్తుంది. మామూలు నూలు దారం తడికి చివికిపోతుంది.

సూది లావుగా ఉండాలి కానీ దబ్బనం వద్దు. దబ్బనం పెట్టే చిల్లులే కొత్త కోతలవుతాయి. సూదిని పట్టకారుతో పట్టుకుని తొయ్యండి, వేలికి గుచ్చుకోకుండా బయటి వైపు చెక్కముక్క పెట్టుకోండి. కోత అంచు నుంచి నాలుగైదు మి.మీ. దూరంలో, కుట్టుకీ కుట్టుకీ మధ్య మూడు నాలుగు మి.మీ. ఉండేలా అటూ ఇటూ అడ్డంగా వేసుకుంటూ వెళ్లండి. అంచుకు మరీ దగ్గరగా కుడితే దారం నేతను చీల్చుకుని వచ్చేస్తుంది. కోత అంచులు ఒకదానికొకటి తగిలితే చాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా బిగించకండి. బిగిస్తే అక్కడ టైరు ముడుచుకుని, తొక్కేటప్పుడు చక్రం ఎగిరెగిరి పడుతుంది. ముడులు లోపలివైపు వేసి, చివర్లు చిన్నగా కోసి, చదునుగా నొక్కండి. దాని మీద పైన చెప్పినట్టే ప్యాచ్. సూది చిల్లుల సంగతి సీలెంట్ చూసుకుంటుంది.

కుట్టు బలం కోసం, ప్యాచ్ గాలి ఆపడం కోసం. ఒకటి చేసి రెండోది వదిలేస్తే ఉపయోగం లేదు. ఇలా కుట్టిన టైరును ముందు చక్రానికి వెయ్యకండి. వెనక టైరు ఒక్కసారిగా పోతే బండి తూలుతుంది, ముందుది పోతే మీరు పడతారు. అవసరమైతే రెండు టైర్లనూ ముందుకు వెనక్కి మార్చుకోండి.

మళ్లీ ఎక్కించడం

రిమ్ టేపును ఒక చుట్టు చూసుకోండి, ఎక్కడైనా లేచినా చిరిగినా మార్చండి. టైరును వాల్వుకు ఎదురు వైపు నుంచి మొదలుపెట్టి, వాల్వు దగ్గర ముగించండి. చివరి భాగం బిగుసుకుంటే లివర్‌తో తన్నుకోకుండా, ఎదురు వైపు బీడ్‌ను మళ్లీ మధ్య పల్లంలోకి నెట్టండి, వదులు దొరుకుతుంది.

బీడ్ అంచులకు షాంపూ నీళ్లు పూయండి. వాల్వు కోర్, అంటే వాల్వు లోపల గాలిని ఆపే చిన్న భాగం విప్పేస్తే గాలి ఒక్కసారిగా వెళ్లి టైరు అంచులు టప్ టప్ మంటూ కూర్చుంటాయి. చేతి పంపుతో రాకపోతే పంచర్ షాపు కంప్రెసర్ దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ జాగ్రత్త. లారీలకు కొట్టే ఆ ట్యాంకులో వంద పీఎస్ఐ దాటి ఉంటుంది. గన్ను ఒక్కో క్షణం మాత్రమే నొక్కమనండి, గేజీ చూస్తూ ఉండండి. టైరు మీదా రిమ్ము మీదా రాసి ఉన్న గరిష్ఠ ఒత్తిడిలో ఏది తక్కువో అదే మీ హద్దు, ఎక్కువ ఎంటీబీ టైర్లు 40 పీఎస్ఐ లోపే కూర్చుంటాయి. అప్పటికీ కూర్చోకపోతే ఇంకా గాలి కొట్టడం పరిష్కారం కాదు. గాలి తీసి, సబ్బు నీళ్లు పూసి మళ్లీ ప్రయత్నించండి.

కంప్రెసర్ అందుబాటులో లేకపోతే ఇంకో దారి ఉంది. ట్యూబు వేసి గాలి కొట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున ఒక వైపు బీడ్‌ను మాత్రమే విప్పి ట్యూబు తీసేసి, ట్యూబ్‌లెస్ వాల్వు బిగించండి. రెండో వైపు అప్పటికే కూర్చుని ఉంటుంది కాబట్టి చేతి పంపుకు సగం పని తగ్గుతుంది.

టైరు కూర్చున్నాక గాలి తీసి, కోర్ విప్పిన వాల్వులోంచి సిరంజితో సీలెంట్ ఎక్కించండి. 29 అంగుళాల చక్రానికి 100 నుంచి 120 మి.లీ., 27.5కు 80 నుంచి 110 మి.లీ. సీసా బాగా కుదిపి పొయ్యండి, చిల్లును మూసే రేణువులు అడుగున పేరుకుని ఉంటాయి. మోటారుసైకిళ్లకు పోసే చిక్కటి గ్లైకాల్ రకం ద్రవం వాడొద్దు, తర్వాత ఎప్పుడైనా ప్యాచ్ వెయ్యాల్సి వస్తే ఆ జిడ్డు వదలదు.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

గాలి పెట్టాక రిమ్ము పక్కనే టైరు మీద సన్నని అచ్చు గీత ఒకటి కనిపిస్తుంది. అది చుట్టూ రిమ్ము నుంచి ఒకే దూరంలో ఉండాలి. ఒకచోట లోపలికి దిగిపోతే బీడ్ అక్కడ కూర్చోలేదు.

మగ్గులో షాంపూ నురగ చేసి ప్యాచ్ ఉన్న చోట బయటి నుంచి పూయండి. మొదట్లో చిన్న బుడగలు వచ్చి ఆగిపోతే సీలెంట్ పని చేసిందన్నమాట. అదే నురగను వాల్వు మొదట్లో, బీడ్ చుట్టూ, రిమ్ముకు ఉన్న పుల్లల చిల్లుల దగ్గర కూడా పూయండి. పుల్లల దగ్గర బుడగలొస్తే తప్పు టైరుది కాదు, రిమ్ టేపుది. టైరుకు ప్యాచ్ మీద ప్యాచ్ వేస్తూ పోయేవాళ్లలో చాలామందికి అసలు లీకు ఇక్కడే ఉంటుంది. పంచర్ షాపు తొట్టిలో చక్రం మొత్తం ముంచడం నాకు ఇష్టం ఉండదు, నీళ్లు హబ్ బేరింగుల్లోకి చేరతాయి.

తర్వాత చక్రం తిప్పి, ప్యాచ్ ఉన్న భాగాన్ని పక్కనుంచీ పైనుంచీ చూడండి, వేలితో తడమండి. కోత ఉన్నచోట ఉబ్బు కనిపిస్తే లోపల దారాలు ఇంకా విడిపోతున్నాయి. గాలి ఆగుతోంది కదా అని తొక్కొద్దు. గాలి తీసేయండి, ఆ టైరు అయిపోయింది.

30 పీఎస్ఐ పెట్టి మర్నాడు చూడండి. ఎండాకాలంలో రాత్రికి చల్లబడేసరికే ఒకటి రెండు పీఎస్ఐ తగ్గుతుంది, అది లీకు కాదు. అందుకే రెండుసార్లూ ఒకే వేళలో కొలిస్తే మంచిది, ఈ సాయంత్రం పెట్టింది రేపు సాయంత్రం చూడండి. నాలుగైదు పీఎస్ఐ పోతే మళ్లీ నురగ పూసి వెతకాల్సిందే. మొదటి రైడ్ ఊరి చుట్టుపక్కలే వెయ్యండి. పెంచలకోన అడవి దారిలో పరీక్ష పెట్టకండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

సీలెంట్ ఒకసారి పోస్తే ఏడాది ఉంటుందనుకోవడం మొదటిది. సీసా మీద ఎన్ని నెలలు రాసి ఉన్నా, మన ఎండలు వేరు. రోహిణి కార్తెలో బయట నిలబెట్టిన బండిలో అది వేగంగా ఎండి రబ్బరు ముద్దలవుతుంది. వేసవిలో నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు నెలలకోసారి చక్రం ఊపి వినండి, చప్పుడు లేకపోతే పొయ్యండి.

కోతలో ఫెవిక్విక్ లాంటి జిగురు పోయడం రెండోది. అది గాజులా గట్టిపడుతుంది, టైరు వంగగానే పగులుతుంది. పైగా ఆ గట్టి అంచులు కోతను పెంచుతాయి, ఆ మీద ప్యాచ్ వెయ్యాలంటే మొత్తం గీరాలి.

పంచర్ షాపులో ట్యూబులు కాల్చి అతికే వల్కనైజింగ్ మెషిన్ మీద టైరు పెట్టించడం ఇంకొకటి. ఆ వేడి, ఆ బిగింపు లారీ ట్యూబుకు సరిపోతాయి. మన టైరు లోపల ఉన్నది పలచని నైలాన్ నేత. మంచి మనసుతో చేసిపెడతామన్నా వద్దని చెప్పండి.

డబ్బాలో నెలల తరబడి తెరిచి ఉంచిన సొల్యూషన్ వాడటం కూడా చాలా చూశాను. తీగలు సాగుతోందంటే అందులోని ద్రావకం పోయినట్టే. కొత్త చిన్న ట్యూబుకు ఎంతో కాదు, పనికి ముందు కొత్తది తెరవండి.

కార్బన్ డయాక్సైడ్ చిన్న సిలిండర్లతో గాలి నింపేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ చల్లదనానికి కొన్ని లాటెక్స్ సీలెంట్లు గడ్డకడతాయి. నింపేటప్పుడు వాల్వును పైకి పెట్టండి, సీలెంట్ అడుగున ఉంటుంది. ఇంటికొచ్చాక ఆ గాలి తీసి మామూలు గాలి పెట్టి, సీలెంట్ ఎలా ఉందో చూసుకోండి.

ఇక బాగుచెయ్యడానికి పనికిరాదని తేల్చిన టైరును చెత్తలో వెయ్యకండి. బీడ్‌లు కోసేసి, పలచగా ఉన్న పక్క గోడల నుంచి అగ్గిపెట్టె అంత ముక్కలు నాలుగైదు కత్తిరించండి, మూలలు గుండ్రంగా చేసి అంచులు ఉప్పుకాగితంతో పలచన చెయ్యండి. దారిలో ట్యూబు వెయ్యాల్సి వచ్చినప్పుడు కోత కింద పెట్టడానికి దీన్ని మించింది లేదు. రెండు మీ బ్యాగులో పెట్టుకుని, మిగతావి తోటి రైడర్లకు ఇవ్వండి.